కళ్ళ కష్టానికీ లెక్క ఉండాలి



మిల్లుల్లో కొత్త మెషీన్లు దిగినప్పుడల్లా యాజమాన్యాల నోట వినబడే మాట ఒకటుంది. "ఇప్పుడు మీరు చేసేదేముంది, నిలబడి చూడడమే గదా!" ఈ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని మనిషికి అప్పజెప్పే ఫ్రేముల సంఖ్య పెంచుతూ పోతున్నారు. బరువు మోసే పనికి లెక్క ఉంది. నడకకు లెక్క ఉంది. తెగిన పోగును అతికే పనికి లెక్క ఉంది. చూసే పనికి మాత్రం లెక్క లేదు. లెక్కలోకి రాని పనికి కూలీ రాదు, విశ్రాంతీ రాదు. పొరపాటు జరిగితే మాత్రం మెమో వస్తుంది.

ఆరంబాక్కం చుట్టుపక్కల నుంచి షిఫ్టులకు పోయే మనవాళ్ళలో కొందరు దక్షిణంగా గుమ్మిడిపూండి సిప్‌కాట్‌కు పోతారు. మరికొందరు సరిహద్దు దాటి తడ, శ్రీసిటీ వైపు పోతారు. నూలు మిల్లులో పనిచేసినా, ఇనుప కడ్డీల రోలింగ్ మిల్లులో పనిచేసినా అందరిదీ ఒకటే అనుభవం. చేతుల పని తగ్గింది, కళ్ళ పని పెరిగింది. వెనకటి రింగ్ ఫ్రేముకు నాలుగైదు వందల స్పిండిళ్ళు ఉంటే, ఇప్పటి పొడుగాటి ఫ్రేముకు వెయ్యికి పైబడి ఉంటున్నాయి. ఎక్కడ పోగు తెగిందో, ఏ ఎర్ర దీపం వెలిగిందో వెదుకుతూ ఎనిమిది గంటలు తిరిగిన మనిషి ఇంటికి వచ్చి పిల్లవాడి పుస్తకం చూడమంటే చూడలేకపోతున్నాడు. ఇది ఒళ్ళు నొప్పి కాదు గనక బయటికి కనబడదు. కనబడదు గనక లేదంటున్నారు.

ఉందని రుజువు చేయవచ్చా? చేయవచ్చు. ఆ రుజువు విమానాలు నడిపే పైలట్ల దగ్గర ఉంది. పైలట్లకూ మిల్లు కార్మికులకూ పొత్తేమిటని అనుకోవద్దు. కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి కూడా ఎక్కువ సేపు చేసేది చూడడమే. ఆ చూసే పని ఎంత బరువో కొలవడానికి శాస్త్రజ్ఞులు 75 ఏళ్ళకు పైగా శ్రమపడుతున్నారు. ఆ కొలతకు వాళ్ళు ఎంచుకున్నది పైలట్ కన్నునే.

ఎలా కొలుస్తారో ముందు తెలుసుకుందాం. మనం ఒక వస్తువును చూసేటప్పుడు చూపు గోడ మీద దీపంలా నిలకడగా ఉండదు. ఒక చోట కొద్దిసేపు నిలుస్తుంది, వెంటనే ఇంకో చోటికి దూకుతుంది. చూపు నిలిచినప్పుడే మెదడు విషయాన్ని గ్రహిస్తుంది. ఎక్కడ నిలిచింది, ఎంతసేపు నిలిచింది, ఎక్కడికి దూకింది అన్నవి ఒక లెక్క. రెప్పలు ఎంత తరచుగా పడుతున్నాయి, ఎంతసేపు మూతబడుతున్నాయి అన్నది రెండో లెక్క. నల్లగుడ్డు నడుమ ఉండే కంటిపాప ఎంత విప్పారింది అన్నది మూడో లెక్క. కంటికి కనబడని ఒక రకం కాంతిని ముఖం మీదికి వదిలి, చిన్న కెమెరాతో ఇవన్నీ క్షణక్షణం నమోదు చేస్తారు.

కంటిపాప సంగతి ముఖ్యంగా తెలుసుకోవాలి. చీకట్లో అది పెద్దదవుతుందనీ వెలుతురులో చిన్నదవుతుందనీ అందరికీ తెలుసు. అయితే వెలుతురు మారకపోయినా, బుర్రకు పని చెబితే అది విప్పారుతుంది. మనసులో గుణకారాలు చేయించినప్పుడు లెక్క కష్టమైన కొద్దీ కంటిపాప పెద్దదవుతోందని 1964లో అమెరికాలో హెస్, పోల్ట్ అనే పరిశోధకులు చూపించారు. రెండేళ్ళకు కానెమన్, బీటీ అనే ఇద్దరు ఇంకో పరీక్ష చేశారు. ఒక్కొక్క అంకె చదివి వినిపించి గుర్తుపెట్టుకోమన్నారు. అంకె చేరిన కొద్దీ కంటిపాప విప్పారుతూ పోయింది. తిరిగి అప్పజెబుతున్న కొద్దీ, బరువు దించుకున్న కూలీ భుజం లాగా, సర్దుకుంటూ వచ్చింది. ఈ కానెమన్‌కే తర్వాత 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి నోటితో "కష్టంగా లేదు" అన్నా కంటిపాప అబద్ధమాడదు. మేస్త్రీకి భయపడి మనం నవ్వు ముఖం పెట్టవచ్చు గాని, కంటిపాపకు ఆ విద్య తెలియదు.

ఇక పైలట్ల విషయం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక విమానాలు కొన్ని నేల మీద దిగిన తర్వాత కూడా పాడైపోతుండేవి. పైలట్ రెక్కల మడతలు తిప్పబోయి చక్రాలు ముడిచేసేవాడు. "పైలట్ తప్పు" అని రాసి ఫైలు మూసేవారు. చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వెళ్ళి చూస్తే రెండింటి పిడులూ ఒకే రకంగా, పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి చక్రం ఆకారం, ఇంకోదానికి రెక్క ఆకారం పెట్టిన తర్వాత ఆ పొరపాట్లు ఆగిపోయాయి. యుద్ధం అయ్యాక 1947లో ఫిట్స్, జోన్స్ అనే పరిశోధకులు ఇలాంటి 460 పొరపాట్లు పోగుచేసి పరిశీలించారు. వాటిలో సగం దాకా ఒక పిడి అనుకుని ఇంకో పిడి పట్టుకున్నవే. మనిషి పొరపాటు అని పేరు పెట్టినదానిలో ఎక్కువ పాలు మెషీను తయారుచేసినవాడి పొరపాటేనని అప్పుడు తేలింది.

అదే ఫిట్స్ బృందం 1950 నాటికి ఇంకో అడుగు వేసింది. మీటర్లు మాత్రమే చూసి విమానం దించుతున్న పైలట్ల కళ్ళను సినిమా కెమెరాతో తీశారు. ఆ ఫిలిం నుంచి మూడు సంగతులు రాబట్టారు. ఏ మీటరు మీదికి చూపు పదేపదే పోతుందో అది ముఖ్యమైనది. ఏ మీటరు మీద చూపు ఎక్కువసేపు ఆగిపోతుందో అది చదవడానికి కష్టమైనది. చూపు ఏ మీటరు నుంచి ఏ మీటరుకు ఎక్కువసార్లు దూకుతుందో ఆ రెంటినీ దగ్గర పెట్టాలి. ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. పైలట్ ఎక్కువసేపు చూశాడని పైలట్‌ను మందలించలేదు. మీటరును మార్చారు.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ పరిశోధకులు పైలట్ల కంటిపాపను, చూపు నిలిచే తీరును కొలిచి మెదడు మీద పడే భారాన్ని అంచనా వేసి, ఆ ఫలితాలను 2019లో ప్రచురించారు. నేల మీద ఉండే నమూనా కాక్‌పిట్‌లోనే కాక నిజంగా ఆకాశంలో ఎగురుతున్న విమానంలోనూ కొలిచారు. అంటే "చూసే పని" కొలతకు అందదని ఇక ఎవరూ అనడానికి వీల్లేదు.

మన మిల్లుల్లో పనిభారం కట్టే పద్ధతి ఎక్కడుంది? అహ్మదాబాదులో అటిరా, 1956లో కోయంబత్తూరులో ఏర్పడిన సిట్రా లాంటి సంస్థలు చాలా కాలంగా లెక్కలు కట్టాయి. యాజమాన్యాలు ఆ లెక్కలను బల్ల మీద పెట్టి మనతో బేరమాడాయి. ఆ పద్ధతికి మూలం స్టాప్‌వాచీ. ఒక మనిషి ఎన్ని నిమిషాలు నడిచాడో, ఎన్ని పోగులు అతికాడో స్టాప్‌వాచీ చెబుతుంది. ఆ నిమిషాల్లో అతని బుర్ర ఎంత నలిగిందో చెప్పదు. నిలబడి నాలుగు ఫ్రేముల మీద చూపు తిప్పుతున్న మనిషి దాని దృష్టిలో ఖాళీగా ఉన్నట్టే. ఆ ఖాళీని నింపడానికే ఇంకో రెండు ఫ్రేములు వస్తాయి.

అందుకని కంటి కొలతను మనం కోరుకోవాలని ఈ బులెటిన్ అభిప్రాయం. కొందరు సోదరులు దీనికి ఒప్పుకోరు. "కెమెరా అంటే నిఘా. మన ముఖం మీదికి కెమెరా ఎందుకు రానివ్వాలి?" అంటారు. వారి అనుమానం నిరాధారం కాదు. స్టాప్‌వాచీ చరిత్రే దీనికి సాక్ష్యం. శాస్త్రీయ నిర్వహణ అనే పేరుతో టేలర్ పద్ధతిని అమెరికాలో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పెట్టినప్పుడు, 1911 ఆగస్టులో అచ్చుల కార్మికులు స్టాప్‌వాచీకి ఎదురు తిరిగి పని ఆపేశారు. అక్కడి పార్లమెంటు విచారణ జరిపి, ఆ తర్వాత కొన్నేళ్ళకే ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచీ వాడకానికి డబ్బు ఇవ్వకుండా ఆపింది. మనిషిని తొందరపెట్టడానికి గడియారం వాడినట్టే రేపు కంటిపాపనూ వాడవచ్చు. "నీ చూపు ఇంత సేపు మెషీను మీద లేదు, జీతంలో కోత" అనే రోజు రావచ్చు.

మన రైల్వేలో ఇలాంటి వివాదం వచ్చింది. లోకో పైలట్ రెప్పలు పడే తీరు కనిపెట్టి, అప్రమత్తత తగ్గితే హెచ్చరించి బండిని ఆపే పరికరాన్ని ఈశాన్య సరిహద్దు రైల్వే తయారుచేస్తున్నట్టు 2023లో వార్తలు వచ్చాయి. లోకో పైలట్ల సంఘం వారు సూటిగా జవాబిచ్చారు. ఇంజనులో అప్రమత్తత పరికరం ఇప్పటికే ఉంది, మాకు అలసట వచ్చేది డ్యూటీ గంటల వల్ల, విశ్రాంతి లేకపోవడం వల్ల, ముందు దాన్ని సరిచేయండి అన్నారు. ఆ మాటలో న్యాయముంది. రెప్ప వాలుతోందని గంట మోగించే పరికరం రెప్ప ఎందుకు వాలుతోందో అడగదు. అది అడగవలసింది సంఘం.

ఎందుకు వాలుతుందో తెలియజెప్పే ఘోరం మన దేశంలో జరిగింది. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. దిగే పద్ధతి సరిగా లేదని తెలిసీ కెప్టెన్ ప్రయత్నం విరమించకపోవడమే ప్రధాన కారణమని విచారణ తేల్చింది. ఆయన ప్రయాణంలో గంటన్నరకు పైగా నిద్రపోయాడనీ ఆ నిద్రమత్తు కూడా దీనికి తోడయిందనీ చెప్పింది. ముందు రోజు రాత్రి మంగళూరు నుంచి దుబాయికి పోయిన సిబ్బందే రాత్రికి రాత్రి తిరిగి వచ్చారు. తెల్లవారుజామున మనిషి శరీరం మెలకువకు ఎదురు తిరిగే వేళ అది. మన రాత్రి షిఫ్టు ఆఖరి రెండు గంటలు అవే.

పైలట్లు ఊరుకోలేదు. వారి సంఘాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాయి. పౌర విమానయాన డైరెక్టరేట్ 2024 జనవరిలో తెచ్చిన కొత్త నిబంధనల్లో వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. రాత్రి వేళ విమానం దించే సంఖ్యను 6 నుంచి 2కు తగ్గించారు. ఇవి 2025 జులైలో కొంత, నవంబరులో మిగతా అమలులోకి వచ్చాయి. చాలినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో సంస్థ విమానాలు 2025 డిసెంబరు మొదట్లో వేల సంఖ్యలో రద్దయ్యాయి. ప్రభుత్వం ఆ సంస్థకు కొన్ని నిబంధనల నుంచి తాత్కాలిక సడలింపు ఇచ్చింది. విశ్రాంతి గంటలు కాగితం మీద సాధించడం ఒక ఎత్తు, వాటికి సరిపడా మనుషులను పెట్టించడం ఇంకో ఎత్తు అని మనకు దీనివల్ల తెలుస్తుంది.

పైలట్లు సాధించినది ఇంకొకటుంది. మన చర్చకు అదే కీలకం. విమానం ప్రతి కదలికా నమోదవుతుంది. అయితే ఆ నమోదును రోజువారీ భద్రత కోసం పరిశీలించే ఏర్పాటు శిక్షించడానికి ఉండకూడదనీ, సమాచారం ఇచ్చినవారికి రక్షణ ఉండాలనీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం పెట్టింది. భద్రత కోసం తీసుకున్న లెక్క భద్రతకే వాడాలి. పైలట్‌కు ఈ హక్కు ఉన్నప్పుడు ఫ్రేము నడిపే అక్కకు, కడ్డీ నడిపే అన్నకు ఎందుకు ఉండకూడదు?

చట్టం మనల్ని కాపాడుతుందని ధీమాగా కూర్చోలేం. పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఏడో సెక్షను ఉంది. ఉద్యోగ అవసరాల కోసమైతే, యజమానిని నష్టం నుంచి కాపాడడం కోసమైతే, కార్మికుని సమ్మతి లేకుండానే అతని సమాచారాన్ని వాడుకోవడానికి అది దారి ఇచ్చింది. కంటిపాప లెక్క కూడా ఈ దారిలోనే పోవచ్చు. ఐరోపాలో పద్ధతి వేరు. 2019లో అక్కడ వాహనాల భద్రత మీద చేసిన చట్టం డ్రైవర్ నిద్రమత్తును కనిపెట్టే పరికరాలను తప్పనిసరి చేసింది. ఆ పరికరం సమాచారాన్ని నిల్వ చేయకూడదనీ, బయటివారికి ఇవ్వకూడదనీ, పని కాగానే చెరిపేయాలనీ అదే చట్టంలో రాశారు. కొలతకు ఒప్పుకుని, దాని దుర్వినియోగానికి తలుపు మూయడం అంటే ఇదే.

కాక్‌పిట్ లెక్కను మిల్లులోకి గుడ్డిగా తెచ్చినా ప్రమాదమే. కంటిపాప వెలుతురుకు కూడా మారుతుంది గదా. ఒక ఫ్రేము దగ్గర ట్యూబులైటు వెలిగి, పక్క ఫ్రేము దగ్గర ఆరిపోయిన డిపార్టుమెంటులో ఆ లెక్కకు విలువ లేదు. రెప్పలు పడడం అలసట వల్లనే కాదు, దూది నుసి వల్ల, వేడి వల్ల కూడా ఎక్కువవుతుంది. కాలిన కడ్డీ వైపు చూసేవాడి కన్ను చికిలించుకుంటుంది. ఇవేవీ సరిచేయకుండా కెమెరా పెట్టి "ఈ మనిషికి ఏకాగ్రత లేదు" అని తేలిస్తే అది శాస్త్రం పేరుతో చేసే అన్యాయం.

ఈ కారణాల చేత ఎక్కడ కంటి కెమెరా ప్రస్తావన వచ్చినా మనం ఈ షరతులు పెట్టాలి.

1. కొలత మొదలు కాకముందే సంఘంతో రాతపూర్వకంగా ఒప్పందం జరగాలి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షను ప్రకారం, షిఫ్టులోనో డిపార్టుమెంటులోనో మనుషుల సంఖ్య మార్చే ముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు లేకుండా కొలత సాకుతో కేటాయింపులు మార్చకూడదు.

2. లెక్క డిపార్టుమెంటు పేరున ఉండాలి, మనిషి పేరున ఉండకూడదు. మెమోకు గాని, ప్రమోషనుకు గాని, కోతకు గాని వాడకూడదు. పని కాగానే చెరిపేయాలి.

3. పగటి షిఫ్టు మొదటి గంటలో కొలిచి సరిపెట్టకూడదు. రాత్రి షిఫ్టు ఆఖరి గంటలను, నూలు ఎక్కువగా తెగే రోజులను కలుపుకుని కొలవాలి. లెక్క కాపీ సంఘానికి ఇవ్వాలి.

4. భారం ఎక్కువని తేలితే ముందు మారవలసినవి మెషీను, వెలుతురు, ఫ్రేముల సంఖ్య, విరామం. చూపు మందగించిన కార్మికునికి యాజమాన్యం ఖర్చుతో పరీక్ష చేయించి కళ్ళజోడు ఇవ్వాలి. ఆ పేరుతో ఇంటికి పంపకూడదు.

కెమెరా వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. కెమెరా ఒక్కటే సరిపోదని శాస్త్రజ్ఞులే చెబుతారు, మనిషిని కూడా అడగాలంటారు. అందుకోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో తయారుచేసి 1988లో ప్రచురించిన ప్రశ్నల పట్టిక ఉంది. బుర్రకు ఎంత పని పడింది, ఒంటికి ఎంత పడింది, తొందర ఎంత ఉంది, పని అనుకున్నట్టు అయిందా, దానికి ఎంత ప్రయాస పడ్డావు, ఎంత విసుగు పుట్టింది అని ఆరే ప్రశ్నలు. పైలట్లకు వాడే ఈ పట్టికకు కావలసింది కాగితం, పెన్సిలు మాత్రమే. దీన్ని తెలుగులో, తమిళంలో రాసుకుని షిఫ్టు దిగేటప్పుడు పేరు లేకుండా నింపించవచ్చు. మూడు నెలలు నింపితే ఏ డిపార్టుమెంటులో, ఏ గంటలో, ఎన్ని ఫ్రేముల దగ్గర భారం మితిమీరుతోందో మన దగ్గరే లెక్క ఉంటుంది. యాజమాన్యం దాని లెక్కతో వచ్చినప్పుడు మనం వట్టి చేతులతో కూర్చోం.

ఈ పని వాయిదా వేయదగినది కాదు. సరిహద్దు కార్మికులకు ఇది మరీ ముఖ్యం. తమిళనాడులో 2023 ఏప్రిల్‌లో 12 గంటల పనిదినానికి దారితీసే బిల్లు శాసనసభలో నెగ్గింది. కార్మిక సంఘాలు గట్టిగా ఎదిరించినందువల్ల కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆంధ్రలో 2025 జూన్‌లో రోజు పని గంటలను 9 నుంచి 10కి పెంచడానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. గంటలు పెంచేవారు చెప్పే వాదన మళ్ళీ అదే, పని తేలికైందట, మెషీన్లే చేస్తున్నాయట. ఆ పదో గంటలో చూపు ఎలా ఉంటుందో, రెప్ప ఎంతసేపు వాలి ఉంటుందో అడిగినవాడు లేడు.

1918లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టినప్పుడు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులను కదిలించిన బాధల్లో మధ్యాహ్నం అన్నం తినడానికి చాలినంత సేపు ఇవ్వకపోవడం ఒకటి. ఆ రోజుల్లో కొద్ది నిమిషాల కోసం పోరాడవలసి వచ్చింది. అన్నానికి నిమిషాలు కావాలని నాటివారు ఒప్పించారు. కంటికి కూడా నిమిషాలు కావాలని ఒప్పించడం ఇప్పుడు మన వంతు. పై ఆరు ప్రశ్నల మీద, నాలుగు షరతుల మీద ప్రతి మిల్లు గేటు మీటింగులో చర్చ పెట్టి, వచ్చిన సవరణలను కమిటీకి రాసి పంపవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాం.